బడి కంప్యూటర్లలో గేమ్స్, రీల్స్ ఆపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే సార్లు, మేడమ్‌లు ఎక్కడ కలిసినా ఇవే ప్రశ్నలు వస్తాయి. కాంప్లెక్స్ మీటింగ్‌లో ఒకరు అడుగుతారు, వచ్చే మీటింగ్‌లో ఇంకొకరు అదే అడుగుతారు. వాట్సాప్ గ్రూపులో రాసిన జవాబు వారం తిరిగేసరికి పైకి పోయి ఎవరికీ దొరకదు. అందుకే అన్నీ ఒక్కచోట పెట్టాను. మీకు ఏ ప్రశ్న అవసరమో దాని దగ్గరికే నేరుగా వెళ్ళండి. సెట్టింగ్ పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి, కంప్యూటర్‌లో మాత్రం ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో కనిపిస్తాయి.

మన బడుల్లో చాలామంది పిల్లల ఇళ్ళల్లో కంప్యూటర్ లేదు. అమ్మానాన్నలు వలస పనికి పోతే హాస్టల్లోనో, అవ్వ దగ్గరో ఉండి చదువుకునే పిల్లలు పాలమూరు వైపు ఇప్పటికీ ఉన్నారు. ఆ పిల్లలకు వారానికి దొరికే ఒకటి రెండు పిరియడ్లే కీబోర్డు ముట్టుకునే సమయం. సైట్లు ఆపేది ఆ కాస్త సమయం వాళ్ళకు దక్కాలని. కింద ఇచ్చిన సలహాలన్నీ ఈ ఆలోచనతో ఇచ్చినవే.

## మొదలుపెట్టక ముందు

మా ల్యాబ్‌లో పది కంప్యూటర్లే ఉన్నాయి. నేను వెనక నిలబడి చూసుకుంటా కదా, బ్లాక్ చేయడం అవసరమా?

చూసుకోవడమే అన్నిటికంటే బలమైన కట్టడి. ముందు బల్లలు సర్దండి. కంప్యూటర్లను గోడల వెంట పెట్టి, తెరలన్నీ గది మధ్యలో నిలబడ్డ మీకు కనిపించేలా తిప్పితే సగం గేమ్స్ ఆ రోజే ఆగిపోతాయి. దీనికి రూపాయి ఖర్చు లేదు. కాకపోతే నలభై మంది పిల్లలు ఒక్కో కంప్యూటర్ ముందు నలుగురేసి కూర్చున్నప్పుడు, ఒకరికి ప్రింటర్ దగ్గర సాయం చేస్తుంటే, ఆఫీసు నుంచి పిలుపు వస్తే, మీ కన్ను అక్కడ ఉండదు. బ్లాక్ చేయడం ఆ ఖాళీ నిమిషాల కోసం.

ఏదైనా ఒక్క సాఫ్ట్‌వేర్ వేస్తే మొత్తం ఆగిపోతుందా సార్?

ఆగదు. అలా ఆపుతుందని చెప్పి అమ్మేవాళ్ళను నమ్మి బడి గ్రాంటు ఖర్చు పెట్టకండి. మూడు చోట్ల కొంచెం కొంచెం కట్టడి ఉండాలి. పిల్లలు వాడే విండోస్ అకౌంటుకు అడ్మిన్ హక్కులు (సెట్టింగులు మార్చే హక్కులు) ఉండకూడదు, నెట్ వచ్చే దారిలో చెడ్డ సైట్ల పేర్లను ఆపే డీఎన్ఎస్ ఫిల్టర్ ఉండాలి, బ్రౌజర్‌లో పాలసీలు (పిల్లలు మార్చలేని సెట్టింగులు) ఉండాలి. మూడూ ఉచితమే. ఒకటి తప్పించుకుని వచ్చింది రెండో దగ్గర దొరుకుతుంది.

హెచ్ఎం గారి అనుమతి రాతలో తీసుకోవాలా?

తీసుకోండి. స్టాఫ్ మీటింగ్ రిజిస్టర్‌లో రెండు వాక్యాలు రాయించి సంతకం పెట్టిస్తే చాలు. 2024 నుంచి తల్లులతో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి కాబట్టి ఆ తల్లులకూ ఒకసారి చెప్పండి. చాలామంది తల్లులు సంతోషిస్తారు.

అనుమతి కంటే ముఖ్యమైనది పాస్‌వర్డ్ సంగతి. ల్యాబ్ అమర్చిన టీచర్‌కు బదిలీ అవుతుంది. అడ్మిన్ పాస్‌వర్డ్, రౌటర్ పాస్‌వర్డ్ ఆయనతోపాటే వెళ్ళిపోతాయి. కొత్తగా వచ్చిన మేడమ్ ఏ సెట్టింగూ ముట్టుకోలేక, చివరికి ఎవరినో పిలిపించి అన్నీ ఫార్మాట్ కొట్టిస్తారు. అప్పటివరకు చేసిందంతా పోతుంది. అందుకే పాస్‌వర్డ్‌లు, ఏ కంప్యూటర్‌లో ఏం మార్చారో ఒక కాగితం మీద రాసి, కవర్‌లో పెట్టి, హెచ్ఎం బీరువాలో ఉంచండి. పాస్‌వర్డ్ మార్చిన రోజే కాగితం కూడా మార్చండి.

మాది అమ్రాబాద్ వైపు. నెట్ వచ్చేదే అప్పుడప్పుడు. మాకు ఇవన్నీ ఎందుకు?

మీకు బ్లాకింగ్ కంటే నెట్ లేకుండా పనిచేసే పాఠాలు ముఖ్యం. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియాను పూర్తిగా కంప్యూటర్‌లోకి దించుకుని నెట్ లేకుండా చదవచ్చు. కొలిబ్రి కూడా ఆఫ్‌లైన్ పాఠాల కోసమే తయారైంది. జియోజెబ్రా, స్టెల్లేరియం, జీకాంప్రీ, టక్స్ టైపింగ్, ఆఫ్‌లైన్ స్క్రాచ్ అన్నీ నెట్ లేకుండానే నడుస్తాయి. అచ్చంపేటకో నాగర్‌కర్నూల్‌కో వచ్చినప్పుడు మంచి కనెక్షన్ ఉన్నచోట పెన్‌డ్రైవ్‌లో దించుకుని వెళ్ళండి. ఇలా నడిచే ల్యాబ్‌లో పక్కదారి పట్టించే సైట్ల సమస్యే రాదు.

## ఏది ఆపాలి, ఏది ఉంచాలి

యూట్యూబ్ మొత్తం తీసేద్దామా? గొడవే ఉండదు కదా.

తీసేయకండి. తెలంగాణ ప్రభుత్వ టీ-శాట్ పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ పాఠాల వేదిక దీక్షలో కొన్ని వీడియోలు కూడా యూట్యూబ్ నుంచే వస్తాయి. ప్రయోగశాలలో సామాను లేని బడికి ఆమ్ల-క్షార చర్య కళ్ళతో చూపించే దారి కూడా అదే. యూట్యూబ్ మూసేస్తే ముందు నష్టపోయేది పాఠం చెప్పే టీచర్.

దాని బదులు పిల్లలకు తగని వీడియోలను దాచే రెస్ట్రిక్టెడ్ మోడ్‌ను బలవంతంగా ఆన్ చేయవచ్చు. క్రోమ్‌లో ఫోర్స్‌యూట్యూబ్‌రెస్ట్రిక్ట్ అనే పాలసీ ఉంది. విలువ 1 పెడితే మధ్యస్థం, 2 పెడితే కఠినం. నా సలహా 1. కఠినంలో మామూలు తెలుగు పాఠాలు కూడా మాయమవుతుంటాయి. ఈ మోడ్‌లో కామెంట్లు కనిపించవు, అది పెద్ద లాభం.

షార్ట్స్ మాత్రం ఈ మోడ్‌తో పోవు. క్రోమ్ బ్లాక్ లిస్టులో యూట్యూబ్ చిరునామా పక్కన వాలు గీత (/) పెట్టి షార్ట్స్ అని చేరిస్తే, ఆ చిరునామా నేరుగా టైప్ చేసినా, పేజీ రిఫ్రెష్ చేసినా ఆగుతుంది. యూట్యూబ్ లోపల ఉండి షార్ట్స్ బటన్ నొక్కితే పేజీ మళ్ళీ లోడ్ కాదు కాబట్టి ఒక్కోసారి తెరుచుకుంటుంది. ఇది పాలసీకి ఉన్న హద్దు, మీరు పెట్టడంలో తప్పు కాదు. పాఠానికి కావలసిన వీడియో లింకును డెస్క్‌టాప్ మీద పెట్టి అక్కడి నుంచే తెరిపించండి. యూట్యూబ్ మొదటి పేజీకి పోయే అవసరమే పిల్లలకు రాకుండా చూడండి.

అన్నీ ఆపేసి, కావలసిన సైట్లే తెరిచి ఉంచితే?

ఆరు, ఏడు తరగతులకు ఇదే మంచిది. దీక్ష, తెలుగు వికీపీడియా, ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద చేసి చూసే సైన్స్, లెక్కల ప్రయోగాలు), ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉంటే ఆ వయసుకు చాలు. ఫెట్‌లో తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. తొమ్మిది, పది తరగతులకు ఈ పద్ధతి ఇరుకైపోతుంది. మర్రిగూడ ఫ్లోరోసిస్ మీద ప్రాజెక్టు చేసే పిల్ల వార్తాపత్రికలు చూడాలి, ప్రభుత్వ నివేదికలు చూడాలి, ఎక్కడెక్కడో వెతకాలి. వెతకడం నేర్చుకోవడం కూడా ఆ పిరియడ్‌లో చదువే. ఆ తరగతులకు చెడ్డవి మాత్రమే ఆపండి.

ఒక చిక్కు ముందే తెలిసి ఉండాలి. సైటును అనుమతించినా బొమ్మలు, వీడియోలు రాకపోవచ్చు. అవి వేరే డొమైన్ నుంచి వస్తుంటాయి. ఆ పేజీలో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే ఏ డొమైన్ ఆగిందో ఎర్రగా కనిపిస్తుంది. దాన్ని కూడా అనుమతించండి.

"సెక్స్" అనే మాట ఉన్న ప్రతి పేజీ ఆపమంటున్నారు మా హెచ్ఎం. ఎలా చేయాలి?

చేయకండి. హెచ్ఎం గారితో పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం ముందు పెట్టుకుని మాట్లాడండి. ప్రత్యుత్పత్తి పాఠం అంతా ఆ మాట చుట్టూనే ఉంటుంది. లింగ నిర్ధారణ, క్రోమోజోములు, హెచ్ఐవీ, రుతుక్రమం గురించి చదివే పేజీలన్నీ ఇలాంటి ఫిల్టర్‌లో చిక్కుకుంటాయి. కేజీబీవీలో (కస్తూర్బా బాలికల బడిలో) ఎనిమిదో తరగతి అమ్మాయి తన శరీరం గురించి సరైన సమాచారం వెతికితే దొరకకుండా చేయడం మనం చేసే పని కాకూడదు.

పైగా మాటలతో ఆపడం సరిగా పనిచేయదు. ఇంగ్లిష్ మాట పెడితే ఇంగ్లండ్‌లోని ససెక్స్ ప్రాంతం పేరు కూడా ఆగుతుంది, తెలుగులో రాసిన చెత్త మాత్రం దర్జాగా తెరుచుకుంటుంది. మాటను ఆపే బదులు అశ్లీల సైట్లను వర్గం ప్రకారం ఆపే డీఎన్ఎస్ ఫిల్టర్ వాడండి. దానితోపాటు వెతికినప్పుడు అశ్లీల ఫలితాలను దాచే గూగుల్ సేఫ్‌సెర్చ్‌ను పాలసీతో ఆన్ చేయండి. హెచ్ఎం గారి ఆందోళన న్యాయమైనదే. దానికి సరైన మందు ఇదని చూపిస్తే ఒప్పుకుంటారు.

స్క్రాచ్ నేర్పుదామంటే అక్కడ కూడా గేమ్సే ఆడుతున్నారు.

నిజమే, స్క్రాచ్ సైట్‌లో వేరేవాళ్ళు చేసిన గేమ్స్ లెక్కలేనన్ని ఉన్నాయి. అయినా ఆపవద్దంటాను. ఆడుతున్న గేమ్ లోపలి బ్లాకులు తెరిచి చూసే బటన్ అక్కడే ఉంది. "ఆ పిల్లి దూకే ఎత్తు రెండింతలు చేసి చూపించు" అని పని ఇవ్వండి. ఆట అక్కడే ప్రోగ్రామింగ్ అవుతుంది. అదుపు తప్పుతోందనిపిస్తే ఆఫ్‌లైన్ స్క్రాచ్ వేసి సైట్ మూసేయండి.

చాట్‌జీపీటీ, జెమినీ లాంటివి ఆపాలా?

పిల్లల కంప్యూటర్లలో ఆపి, టీచర్ కంప్యూటర్‌లో ఉంచండి. చాట్‌జీపీటీ నిబంధనల ప్రకారమే 13 ఏళ్ళు నిండనివాళ్ళు వాడకూడదు, 18 లోపువాళ్ళకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ప్రొజెక్టర్ మీద అందరి ముందు ఒక ప్రశ్న అడిగి, వచ్చిన జవాబులో తప్పులు పిల్లలతోనే పట్టించండి. కోయిల్‌సాగర్ గురించో, దేవరకొండ కోట గురించో అడిగితే మన పిల్లలకు తెలిసిన సంగతులతో పోల్చి చూసుకోవచ్చు.

క్రికెట్ స్కోర్ సైట్లు?

పిరియడ్ సమయంలో ఆపండి. మధ్యాహ్న భోజనం విరామంలో మీ ఫోన్‌లో చూసి స్కోర్ చెప్పండి, సరిపోతుంది.

పదో తరగతి పిల్లలు బెట్టింగ్ యాప్‌ల గురించి మాట్లాడుకుంటున్నారు. ఏం చేయాలె?

దీన్ని గేమ్స్ లెక్కలో వేయకండి, వేరుగా చూడండి. తెలంగాణలో 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ల్యాబ్‌లో ఆ సైట్లను ఆపండి, కానీ అవి పేరులో ఒక అంకె మార్చుకుని మళ్ళీ వస్తుంటాయి. ఒక్కో పేరు వెంట పరిగెత్తకుండా, జూదం సైట్లను వర్గంగా ఆపే వీలున్న డీఎన్ఎస్ సేవ చూసుకోండి. అంతకంటే ముఖ్యం, ఆ పిల్లలతో కూర్చుని మాట్లాడటం. ఎవరి ఫోన్‌లో ఆడుతున్నారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు అన్నది నెమ్మదిగా తెలుసుకోండి. అప్పు ఉందని తెలిస్తే ఆలస్యం చేయకుండా తల్లిదండ్రులను పిలిపించండి. భయంతో ఆ పిల్లవాడు ఒంటరిగా ఉండకూడదు.

## అమర్చేటప్పుడు

అన్నిటికంటే ముందు ఏం చేయాలి?

పిల్లలు అడ్మిన్ అకౌంటులో కూర్చోకుండా చూడాలి. చాలా ల్యాబుల్లో కంప్యూటర్ ఆన్ చేయగానే పాస్‌వర్డ్ లేని అడ్మిన్ అకౌంటు తెరుచుకుంటుంది. అలా ఉన్నంతకాలం మీరు పెట్టిన ఏ సెట్టింగైనా పిల్లలు రెండు నిమిషాల్లో తీసేస్తారు. విండోస్‌లో "విద్యార్థి" పేరుతో స్టాండర్డ్ అకౌంటు చేయండి, అడ్మిన్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. యూడైస్ ప్లస్ ఎంట్రీలు (బడి, పిల్లల వివరాల నమోదు), ఆఫీసు పనులు చేసే కంప్యూటర్‌లో పిల్లల అకౌంటు అసలే పెట్టకండి.

డీఎన్ఎస్ మార్చమంటారు. అంటే ఏంది, ఏ నంబర్లు పెట్టాలి?

సైట్ పేరు టైప్ చేయగానే కంప్యూటర్ ఆ పేరుకు నంబరు ఏమిటని ఒక సర్వర్‌ను అడుగుతుంది. అదే డీఎన్ఎస్. చెడ్డ సైట్ల నంబరు చెప్పని సర్వర్‌ను పెట్టుకుంటే ఆ సైట్ తెరుచుకోదు. ఉచితంగా దొరికేవి కొన్ని:

క్లౌడ్‌ఫ్లేర్ ఫ్యామిలీ: 1.1.1.3 మరియు 1.0.0.3. వైరస్ సైట్లు, అశ్లీల సైట్లు ఆపుతుంది.

ఓపెన్‌డీఎన్ఎస్ ఫ్యామిలీషీల్డ్: 208.67.222.123 మరియు 208.67.220.123.

క్లీన్‌బ్రౌజింగ్ ఫ్యామిలీ: 185.228.168.168 మరియు 185.228.169.168. ఇది ప్రాక్సీ, వీపీఎన్ సైట్లను (ఫిల్టర్‌ను దాటించే దారులను) కూడా ఆపి, సేఫ్‌సెర్చ్ ఆన్ చేస్తుంది. బడికి నేను ముందు చెప్పేది దీన్నే.

వీటిని రౌటర్‌లో పెడితే ల్యాబ్ మొత్తానికి ఒకేసారి వర్తిస్తుంది. బీఎస్ఎన్ఎల్ ఫైబర్, టీ-ఫైబర్, జియో ఏదైనా సరే, రౌటర్ సెట్టింగుల్లో ల్యాన్ లేదా డీహెచ్‌సీపీ పేజీలో డీఎన్ఎస్ గడులు ఉంటాయి. కనెక్షన్ ఇచ్చినవాళ్ళు ఆ పేజీని లాక్ చేసి ఉంటే ఒక్కో కంప్యూటర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ దగ్గర పెట్టండి. స్టాండర్డ్ అకౌంటులో ఉన్న పిల్లలు దాన్ని మార్చలేరు. గేమ్స్, ఇన్‌స్టాగ్రామ్ మాత్రం ఈ నంబర్లతో ఆగవు. వాటిని బ్రౌజర్ పాలసీతో ఆపాలి.

నంబర్లు మార్చినా అన్నీ తెరుచుకుంటూనే ఉన్నాయి సార్!

మూడు కారణాల్లో ఒకటి అయి ఉంటుంది. మొదటిది, పాత జవాబులు కంప్యూటర్ గుర్తుపెట్టుకుని ఉంటుంది. ఒకసారి రీస్టార్ట్ చేయండి.

రెండోది ఐపీవీ6, అంటే నెట్ చిరునామాల కొత్త పద్ధతి. ఇది ఎవరికీ తట్టదు. మీరు మార్చింది పాత పద్ధతి, ఐపీవీ4 నంబర్లు. జియో లాంటి కనెక్షన్లలో ఐపీవీ6 కూడా వస్తుంది, కంప్యూటర్ ఆ దారిలో పాత డీఎన్ఎస్‌నే అడుగుతుంది. అడాప్టర్ సెట్టింగుల్లో ఐపీవీ6 టిక్ తీసేయండి, లేదా దానికి కూడా ఫిల్టర్ నంబర్లు ఇవ్వండి. క్లౌడ్‌ఫ్లేర్ ఫ్యామిలీకి అవి 2606:4700:4700::1113 మరియు 2606:4700:4700::1003.

మూడోది బ్రౌజర్‌లోని సెక్యూర్ డీఎన్ఎస్. అది ఆన్‌లో ఉంటే బ్రౌజర్ మీ డీఎన్ఎస్‌ను దాటేసి తన సొంత సర్వర్‌ను అడగవచ్చు. క్రోమ్‌లో, ఎడ్జ్‌లో డీఎన్ఎస్ఓవర్‌హెచ్‌టీటీపీఎస్‌మోడ్ అనే పాలసీని "ఆఫ్" చేయండి.

హోస్ట్స్ ఫైల్‌లో పేర్లు రాస్తే సరిపోదా?

నాలుగైదు సైట్లకు సరిపోతుంది. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్లోకి వెళ్తే హోస్ట్స్ ఫైల్ ఉంటుంది. నోట్‌ప్యాడ్‌ను అడ్మిన్‌గా తెరిచి, 0.0.0.0 తర్వాత ఖాళీ వదిలి సైట్ పేరు రాయాలి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరు, లేని పేరు రెండూ వేర్వేరు వరుసల్లో రాయాలి. "దీని కింద ఉన్నవన్నీ" అని ఒక్క గుర్తుతో చెప్పే వీలు ఇందులో లేదు. అందుకే లిస్టు పెరిగేకొద్దీ కష్టం.

క్రోమ్‌లో ఆపే పద్ధతి వివరంగా చెప్పండి.

విండోస్ ప్రో ఉంటే గూగుల్ ఇచ్చే క్రోమ్ పాలసీ టెంప్లేట్లు దించుకుని, విండోస్ ఫోల్డర్‌లోని పాలసీడెఫినిషన్స్‌లో వేయండి. తర్వాత గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో కంప్యూటర్ కాన్ఫిగరేషన్ కింద గూగుల్ క్రోమ్ కనిపిస్తుంది. అక్కడ ముఖ్యమైనవి ఇవి.

యూఆర్ఎల్‌బ్లాక్‌లిస్ట్‌లో ఆపాల్సిన సైట్లు రాయాలి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, గేమ్ సైట్లు. వెయ్యి వరకు రాయవచ్చు కానీ ముప్పై దాటే అవసరం మామూలు బడికి రాదు. యూఆర్ఎల్‌అలవ్‌లిస్ట్‌లో మినహాయింపులు రాయాలి. బ్లాక్‌లిస్ట్‌లో ఒక్క నక్షత్రం గుర్తు పెడితే అన్నీ ఆగి, అలవ్‌లిస్ట్‌లో ఉన్నవే తెరుచుకుంటాయి. ఎక్స్‌టెన్షన్‌ఇన్‌స్టాల్‌బ్లాక్‌లిస్ట్‌లో నక్షత్రం పెడితే పిల్లలు ఎక్స్‌టెన్షన్లు వేయలేరు. ఫోర్స్‌గూగుల్‌సేఫ్‌సెర్చ్ ఆన్ చేయండి.

చూసిన సైట్ల హిస్టరీ మిగలని ఇన్‌కాగ్నిటో విండో గురించి చాలామందికి టెన్షన్. ఈ పాలసీలు ఇన్‌కాగ్నిటోలో కూడా పనిచేస్తాయి. అయినా దాన్ని ఆపాలంటే ఇన్‌కాగ్నిటోమోడ్‌అవైలబిలిటీకి 1 ఇవ్వండి. ఎడ్జ్‌కు వేరే టెంప్లేట్లు ఉన్నాయి, అక్కడ కూడా ఇదంతా చేయాలి. క్రోమ్ ఒక్కటే ఆపి ఎడ్జ్ వదిలేసిన ల్యాబులు చాలా ఉన్నాయి.

మాది విండోస్ హోమ్. ఒకటి రెండు విండోస్ 7 కూడా ఉన్నాయి.

హోమ్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉండదు. అవే పాలసీలను రిజిస్ట్రీలో హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ కింద రాయవచ్చు. ఒక కంప్యూటర్‌లో చేసి, ఆ కీని ఫైల్‌గా ఎగుమతి చేసుకుని, మిగతా వాటిలో డబుల్ క్లిక్ చేస్తే అయిపోతుంది. విండోస్ 7కు క్రోమ్ 109వ వెర్షన్ తర్వాత కొత్తది లేదు. విండోస్ 10కు కూడా మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రాల్లో ఉబుంటు లాంటి లినక్స్ వేయడం మంచిది.

ఉబుంటులో ఎలా?

సులువే. పిల్లల అకౌంటుకు సూడో హక్కు (లినక్స్‌లో అడ్మిన్ హక్కు) ఇవ్వకండి. ఫైర్‌ఫాక్స్‌కు ఈటీసీ కింద ఫైర్‌ఫాక్స్, పాలసీస్ ఫోల్డర్ చేసి పాలసీస్ అనే జేసన్ ఫైల్‌లో వెబ్‌సైట్‌ఫిల్టర్ రాస్తే సరిపోతుంది.

బడికి కనెక్షన్ లేదు. నా ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తున్నా. అప్పుడెలా?

మీ ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టినా హాట్‌స్పాట్‌కు కలిసిన కంప్యూటర్లకు అది వర్తిస్తుందని నమ్ముకోవద్దు. ఒక్కో కంప్యూటర్‌లోనే డీఎన్ఎస్, బ్రౌజర్ పాలసీలు పెట్టండి. విండోస్‌లో ఆ వైఫైని మీటర్డ్ కనెక్షన్‌గా గుర్తించండి. లేకపోతే అప్‌డేట్లే మీ రోజు డేటా మింగేస్తాయి.

తరగతి గదిలో ఉన్న పెద్ద ప్యానెల్ సంగతి?

ఎక్కువ ప్యానెళ్ళు ఆండ్రాయిడ్ మీద నడుస్తాయి. కొన్నిటిలో విండోస్ కూడా ఉంటుంది. రెండూ ఉంటే రెండింటిలోనూ సెట్టింగులు చేయాలి. భోజన విరామంలో ప్యానెల్ వదిలేసి వెళ్ళడంతోనే సినిమా పాటలు మొదలవుతాయి. స్క్రీన్ లాక్ పెట్టండి. ఏ టీచర్ సొంత గూగుల్ అకౌంటూ అందులో లాగిన్ చేసి ఉంచకండి. మీ ఫొటోలు, మెయిల్ అన్నీ పిల్లల చేతిలో ఉన్నట్టే.

ఆపిన సైట్ తెరిస్తే "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని వస్తోంది. వైరస్ వచ్చిందా?

వైరస్ కాదు. ఫిల్టర్ తన సొంత పేజీ చూపించబోతే, అది అసలు సైట్ కాదని బ్రౌజర్ పసిగట్టి అలా హెచ్చరిస్తుంది. పిల్లలకు ఆ హెచ్చరికను దాటి ముందుకు వెళ్ళే అలవాటు మాత్రం చేయకండి. రేపు బ్యాంకు సైట్ దగ్గర అదే చేస్తారు.

## పిల్లలు దారి కనిపెట్టినప్పుడు

వీపీఎన్ వేసుకుని అన్నీ చూస్తున్నారు.

ఎక్కువగా అది బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ అయి ఉంటుంది. ఎక్స్‌టెన్షన్లు మొత్తం ఆపే పాలసీ పెడితే పోతుంది. వేరే బ్రౌజర్ దించుకుని ఉంటే చూడండి, కొన్ని బ్రౌజర్లు అడ్మిన్ అనుమతి లేకుండా కూడా ఇన్‌స్టాల్ అవుతాయి. వాటిని తీసేసి, దించుకునే సైట్లను లిస్టులో చేర్చండి.

గూగుల్ సైట్స్‌లో గేమ్స్ ఉన్నాయట. గూగుల్‌నే ఆపలేం కదా?

"అన్‌బ్లాక్డ్ గేమ్స్" పేరుతో గూగుల్ సైట్స్‌లో, గిట్‌హబ్ పేజీల్లో గేమ్స్ పెట్టేవాళ్ళున్నారు. గూగుల్ సైట్స్ డొమైన్‌ను మాత్రమే యూఆర్ఎల్‌బ్లాక్‌లిస్ట్‌లో పెట్టవచ్చు. గూగుల్ సెర్చ్, డ్రైవ్, ఫారమ్స్ దాంతో ఆగవు. మీ బడి పేజీ అక్కడ ఉంటే దాని చిరునామాను అలవ్‌లిస్ట్‌లో రాయండి.

పెన్‌డ్రైవ్‌లో గేమ్స్, బ్రౌజర్ తెస్తున్నారు.

గ్రూప్ పాలసీలో రిమూవబుల్ స్టోరేజ్ యాక్సెస్ కింద, పెన్‌డ్రైవ్ నుంచి ప్రోగ్రాములు నడవకుండా ఆపే సెట్టింగ్ ఉంది. డెస్క్‌టాప్‌కు కాపీ చేసుకుంటే మాత్రం అది ఆపలేదు. ల్యాబ్ కోసం బడి పెన్‌డ్రైవ్‌లే వాడించండి, వైరస్ బాధ కూడా తగ్గుతుంది. పెన్‌డ్రైవ్ నుంచి వేరే ఓఎస్ బూట్ చేసే పిల్లలు కూడా ఉంటారు, బయోస్‌కు (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే సెట్టింగులకు) పాస్‌వర్డ్ పెట్టండి.

నెట్ పీకేస్తే డైనోసార్ ఆట ఆడుతున్నారు!

క్రోమ్‌లో అలవ్‌డైనోసార్‌ఈస్టర్‌ఎగ్, ఎడ్జ్‌లో అలవ్‌సర్ఫ్‌గేమ్ అనే పాలసీలు ఆఫ్ చేయండి.

బ్లాక్ దాటి పోయిన పిల్లవాడు దొరికాడు. ఏం శిక్ష వేయాలి?

ల్యాబ్‌కు రానివ్వకపోవడం మాత్రం వేయకండి. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లవాడికి అది చదువు ఆపేయడమే. అందరి ముందు నిలబెట్టి తిట్టడం కూడా వద్దు. పక్కకు పిలిచి "ఎలా చేశావు, చూపించు" అని అడగండి. చాలామంది గర్వంగా చూపిస్తారు. ఆ దారి మీకూ తెలుస్తుంది, మూయవచ్చు. సెట్టింగుల్లోకి దూరి దారి వెతికిన పిల్లవాడికి కంప్యూటర్ మీద నిజమైన ఆసక్తి ఉందని అర్థం. వాడికి మౌస్‌లు, కేబుళ్ళు చూసుకునే పని ఇవ్వండి, చిన్న తరగతుల పిల్లలకు టైపింగ్ నేర్పమనండి. మళ్ళీ మళ్ళీ చేస్తే టీచర్ పక్క సీటులో కూర్చోబెట్టండి, పని మాత్రం ఆపకండి.

అతను చూసింది అశ్లీలమో, ఎవరినైనా వేధించడమో అయితే ఇది వర్తించదు. హెచ్ఎం గారికి అదే రోజు చెప్పాలి.

అనుకోకుండా చెడ్డ బొమ్మలు వచ్చి మా అమ్మాయి ఒకతి బాగా భయపడింది.

ముందు ఆ అమ్మాయికి నీ తప్పు లేదు బిడ్డా అని చెప్పండి. తెర ఆపేయండి, చుట్టూ పిల్లలు గుమిగూడకుండా చూడండి. మహిళా టీచర్ ఉంటే ఆమెతో మాట్లాడించండి. ఎవరైనా కావాలని చూపించినా, ఫొటోలతో బెదిరించినా ఊరుకోవద్దు. పిల్లల సహాయానికి 1098, సైబర్ నేరాలకు 1930 ఉన్నాయి, షీ టీమ్స్ ఉన్నాయి. బెదిరించిన మెసేజ్‌లు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. పిల్లల అసభ్య చిత్రాలు కనబడితే మాత్రం వాటిని కాపీ చేయకండి, ఎవరికీ పంపకండి. అది కూడా నేరమే. కంప్యూటర్‌ను అలాగే వదిలి పోలీసులకు చెప్పండి.

## రోజూ నడిపేటప్పుడు

ఎవరు ఏం చూశారో రికార్డు పెట్టాలా?

ఏ కంప్యూటర్‌లో ఏ పిరియడ్‌లో ఎవరు కూర్చున్నారో నోట్‌బుక్‌లో రాస్తే చాలు. వెయోన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అన్ని తెరలు మీ కంప్యూటర్‌లో ఒకేసారి చూడవచ్చు, పాఠం చెప్పేటప్పుడు తెరలు లాక్ చేయవచ్చు. అది వాడుతున్నట్టు పిల్లలకు ముందే చెప్పండి. ఒక్కో పిల్ల వెతికిన మాటలు నెలల తరబడి దాచిపెట్టడం నాకు సమ్మతం కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ళ లోపువాళ్ళందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ళ ప్రవర్తనను వెంటాడటం మీద ఆంక్షలు పెట్టింది.

సాయంత్రం గోడ బయట కూర్చుని మా బడి వైఫై వాడుతున్నారు.

పాస్‌వర్డ్ బయటకు పోయింది. మార్చండి, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. అది కొన్నప్పటిదే ఉంటే ఎవరైనా మీ డీఎన్ఎస్ మార్చేయగలరు. కంప్యూటర్లకు కేబుల్ వేసి, బడి వదలగానే రౌటర్ స్విచ్ ఆపేయండి.

ఇంట్లో వాళ్ళ నాన్న ఫోన్‌లో అన్నీ చూస్తాడు. బడిలో ఆపి ఏం లాభమని ఒక తల్లి అడిగింది.

ఆమెకు ల్యాబ్ చూపించండి. వారంలో ఆ గంటలో ఆమె కొడుకు ఏం చేశాడో, టైప్ చేసిన పేజీ, గీసిన గ్రాఫు తెరిచి చూపించండి. ఇంటి ఫోన్ గురించి అడిగితే గూగుల్ ఫ్యామిలీ లింక్ ఎలా పెట్టాలో అప్పుడే చేసి చూపించండి. రాత్రి పడుకునేటప్పుడు ఫోన్ అమ్మ దగ్గర ఉండాలని చెప్పండి. చాలా ఇళ్ళల్లో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

లిస్టు ఎన్నాళ్ళకోసారి మార్చాలి?

నెలకోసారి ఒక అరగంట చాలు. పిల్లల అకౌంటుతో లాగిన్ అయి, ఆపిన సైట్లు ఆగుతున్నాయా, దీక్ష, టీ-శాట్, స్కాలర్‌షిప్ దరఖాస్తు పేజీలు తెరుచుకుంటున్నాయా రెండూ చూడండి. రెండోది చాలామంది మరిచిపోతారు. ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ దరఖాస్తులు, గురుకుల ప్రవేశాలు, పది ఫలితాలు వచ్చే రోజులకు ముందు తప్పకుండా చూసుకోండి. "ఈ సైట్ అవసరం, తెరవండి" అని పిల్లలు రాసి వేయడానికి ల్యాబ్ తలుపు దగ్గర ఒక డబ్బా పెట్టండి. వచ్చిన చీటీలకు వారంలోపు అవునో కాదో, ఎందుకో చెప్పండి.